అడిగినవారికి చెప్పడం: ఒత్తిడి, వాదన లేకుండా మీ విశ్వాసాన్ని పంచుకోవడం ఎలా?

యేసు గురించి ఎదుటివాళ్లతో మాట్లాడాలంటే కొందరు విశ్వాసులకు నోరు పెగలదు. ఏమనుకుంటారో, ఉన్న స్నేహం చెడుతుందేమో అని టెన్షన్. ఇంకొందరికి మొదలుపెడితే నోరు ఆగదు. అవతలి మనిషి వాచీ చూసుకుంటున్నా వాక్యం మీద వాక్యం చెబుతూనే ఉంటారు. వీళ్లను చూసి ఆ మొదటి రకం వాళ్లు ఇంకా ముడుచుకుపోతారు.

పొంతు, గలతియ, కప్పదొకియ, ఆసియ, బితూనియ ప్రాంతాల్లో చెదిరిపోయి బతుకుతున్న విశ్వాసులకు పేతురు ఒక ఉత్తరం రాశాడు. చుట్టుపక్కల వాళ్ల నిందలు, అనుమానాలు వాళ్లకు రోజూ ఉండేవే. అలాంటివాళ్లకు ఆయన చెప్పింది, మీలో ఉన్న నిరీక్షణ గురించి అడిగే ప్రతివారికీ "సాత్వికముతోను భయముతోను" సమాధానం చెప్పడానికి సిద్ధంగా ఉండండి అని (1 పేతురు 3:15). అడిగేవారు ఉంటారని ఆయన ముందే అనుకున్నాడు. అంటే మన బతుకులో అడగాలనిపించేది ఏదో కనబడాలి. అడిగినప్పుడు తడుముకోకుండా చెప్పగలగాలి. అడగని రోజున మామూలు స్నేహితుడిలా, మామూలు పొరుగువాడిలా ఉండగలగాలి. ఈ మూడూ సాధన చేస్తే వచ్చేవే. ఎలాగో ఒక్కొక్కటిగా చూద్దాం.

1. ముందు మీ మనసులో ఏముందో చూసుకోండి

ఎవరితో మాట్లాడాలనుకుంటున్నారో ఆ మనిషిని గుర్తు తెచ్చుకుని, ఈయన ఎప్పటికీ నమ్మకపోయినా మా స్నేహం ఇలాగే ఉంటుందా అని మిమ్మల్ని మీరు అడగండి. "ఉంటుంది" అనే జవాబు వెంటనే రాకపోతే ఇంకొన్నాళ్లు ఆగండి. మనం దేనికోసం దగ్గరవుతున్నామో మనుషులు ఇట్టే పసిగడతారు. పుట్టినరోజుకు ఫోన్ చేసినా "దీని వెనక ఏదో ఉంది" అనుకునే స్థితికి వచ్చాక, మీరు ఎంత మంచి మాట చెప్పినా చెవికెక్కదు.

సంఘంలో ఎవరైనా లెక్కలు పెడితే, అంటే ఈ నెల ఇంతమందికి చెప్పాలి, ఇంతమందిని తేవాలి అంటే, ఆ లెక్కను గుమ్మం బయటే వదిలేయండి. నేను నాటాను, అపొల్లో నీళ్లు పోశాడు, పెంచినవాడు దేవుడు అని పౌలు కొరింథువారికి రాశాడు (1 కొరింథీయులకు 3:6). ఫలితం మీ చేతిలో లేదని నిజంగా నమ్మితే, మాట్లాడేటప్పుడు గొంతులో ఆ బిగువు దానంతటదే తగ్గుతుంది.

వాళ్ల కోసం ప్రార్థన చేయండి, పేరు పెట్టి చేయండి, కానీ ఒంటరిగా చేయండి. నమ్మకంతో మీకు చెప్పుకున్న ఉద్యోగం గొడవ, భార్యాభర్తల మధ్య మాటపట్టింపు తీసుకెళ్లి "ప్రార్థన అంశం" అని గ్రూపులో పెట్టేవాళ్లు ఉన్నారు. ఆ సంగతి ఏదో ఒక రోజు ఆ మనిషికి తెలుస్తుంది. తెలిసిన రోజున మీ మాటకే కాదు, మీ దేవుడి మాటకు కూడా విలువ పోతుంది.

2. మీ కథను రాసుకోండి

చాలామంది చేయని పని ఇదే. అడిగినప్పుడు చూద్దాంలే అనుకుంటారు. తీరా అడిగేసరికి ఆదికాండం నుంచి మొదలుపెడతారు.

ఒక కాగితం తీసుకోండి. ముందు ఎలా ఉండేవారు, ఏం జరిగింది, ఇప్పుడు ఎలా ఉన్నారు. అంతే. రాశాక గట్టిగా చదివి చూడండి, మూడు నిమిషాలు దాటకూడదు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఏళ్ల తరబడి సాక్ష్యాలు వినీ వినీ, మనకు తెలియకుండానే కలం ఇలా పోతుంది: "నేను పాపపు ఊబిలో కూరుకుపోయి ఉండగా, ప్రభువు తన కృపాబాహుళ్యమును బట్టి నన్ను దర్శించి, నూతన సృష్టిగా చేసినాడు." మందిరంలో ఇది అందరికీ అర్థమవుతుంది. బయటి మనిషికి ఇందులో మీరెక్కడా కనబడరు.

అదే సంగతిని ఇలా చెప్పి చూడండి: "మా నాన్న పోయాక చాలాకాలం నాకు అందరి మీదా కోపమే. ఇంట్లో ఎవరు పలకరించినా విసుక్కునేవాణ్ణి. ఒక స్నేహితుడు వచ్చి ఊరికే నా పక్కన కూర్చునేవాడు. వాడి దగ్గరున్న సువార్త పుస్తకం తీసుకుని చదివాను. లాజరు సమాధి దగ్గర యేసు ఏడ్చాడని ఉంది. దేవుడు ఏడవడమేంటి అనిపించింది. ఆ మాట నన్ను వదల్లేదు. అక్కడి నుంచి మెల్లగా ప్రార్థన చేయడం మొదలుపెట్టాను. కోపం ఇప్పటికీ వస్తుంది, కానీ దాన్ని ఎక్కడ పెట్టాలో తెలుసు." ఇందులో పెద్ద మాట ఒక్కటీ లేదు. కానీ విన్నవాళ్లకు అడగడానికి రెండు మూడు ప్రశ్నలు తప్పకుండా దొరుకుతాయి.

రాసినదాన్ని మళ్లీ చూసుకునేటప్పుడు అతిశయోక్తి ఉంటే కొట్టేయండి. జబ్బు తగ్గడంలో డాక్టర్ల పాత్ర ఉంటే ఆ మాట కూడా ఉండాలి. పాత జీవితాన్ని ఉన్నదానికంటే నల్లగా చూపించకండి. ముఖ్యంగా మీరు ముందు వేరే విశ్వాసంలో ఉంటే, అక్కడ మిమ్మల్ని ప్రేమగా పెంచినవాళ్లను తక్కువ చేసే వాక్యం ఒక్కటి కూడా ఉండకూడదు. మీ భార్యదో, తమ్ముడిదో సంగతి అందులో ఉంటే వాళ్లను అడిగాకే చెప్పండి. ఇంకా సర్దుకోని విషయాలు ఉంటే దాచకండి. అన్నీ తీరిపోయాయని చెప్పే మనిషి కంటే, ఇంకా కొన్ని బాధిస్తూనే ఉన్నాయని ఒప్పుకునే మనిషినే జనం నమ్ముతారు.

యోహాను 9వ అధ్యాయంలో, యేసు చూపునిచ్చిన ఒక పుట్టుగుడ్డిని పరిసయ్యులనే మతపెద్దలు నిలదీస్తారు. యేసు పాపి అని ఒప్పుకోమంటారు. అతను ఆ చర్చలోకే దిగడు. ఆయన పాపో కాదో నాకు తెలియదు, ఒకటి మాత్రం తెలుసు, నేను గుడ్డివాణ్ణి, ఇప్పుడు చూస్తున్నాను అంటాడు. తెలిసినంతే చెప్పాడు. తెలియనిది తెలియదన్నాడు. మీ కథకు అంతకంటే మంచి కొలత నాకు కనబడలేదు.

3. వినండి, అడగండి

సువార్తల్లో యేసు అడిగిన ప్రశ్నలు ఎన్ని ఉన్నాయో ఒకసారి పెన్సిల్‌తో గీత గీస్తూ చదవండి, ఆశ్చర్యపోతారు. నీకేం కావాలి? నువ్వేం చదివావు? మీరెందుకు భయపడుతున్నారు? సమరయ స్త్రీతో ఆయన మాట మొదలైంది బోధతో కాదు, దాహానికి నీళ్లు అడగడంతో (యోహాను 4). ఆయన అక్కడ అవసరంలో ఉన్న మనిషి, ఆమె ఇచ్చే స్థానంలో ఉన్న మనిషి. మనం ఎప్పుడూ ఇచ్చేవాళ్ల కుర్చీలోనే కూర్చోవాలనుకుంటాం, అక్కడే తేడా కొడుతుంది. పక్కింటివాళ్ల దగ్గర సాయం అడగడానికి, సహోద్యోగి దగ్గర పని నేర్చుకోవడానికి మొహమాటపడకండి.

ఎమ్మాయు దారిలో జరిగింది ఇంకా బాగుంటుంది (లూకా 24). యేసు చనిపోయాడన్న దుఃఖంతో నడుస్తున్న ఇద్దరు శిష్యుల పక్కన, తిరిగి లేచిన ఆయన ఎవరో తెలియనివాడిలా నడిచాడు. మీరు ఏం మాట్లాడుకుంటున్నారు అని అడిగాడు. జరిగిందేమిటో వాళ్లకంటే ఆయనకే ఎక్కువ తెలుసు, అయినా "ఏ సంగతులు?" అని వాళ్ల చేతే చెప్పించాడు. వాళ్లు చెప్పేదంతా విన్నాకే నోరు తెరిచాడు. ఊరు దగ్గరపడ్డాక ఇంకా ముందుకు వెళ్లేవాడిలా కనబడ్డాడు. వాళ్లు బతిమాలితేనే ఆగాడు. సువార్త చెప్పడం నేర్పే శిక్షణల్లో ఈ ఒక్క వచనం మీద ఒక పూట గడిపినా తప్పులేదని నా అభిప్రాయం.

వినడానికి ఒక చిన్న నియమం పెట్టుకోండి. ఎదుటివాళ్లు తమ నమ్మకం గురించో, దేవుడి మీద కోపం గురించో చెప్పినప్పుడు, మీ జవాబు చెప్పేముందు వాళ్లు చెప్పినదాన్ని మీ మాటల్లో తిరిగి చెప్పండి. "అంటే అక్కా, అమ్మ కోసం అంత ప్రార్థన చేసినా ఆమె దక్కలేదు కాబట్టి, ఇంకెవరికి మొక్కాలి అంటున్నావు, అంతేనా?" ఆవిడ "అవును, అదే" అనాలి. "అది కాదురా" అంటే మీరింకా వినలేదన్నమాట. "అదే" అనిపించుకునేదాకా మీ వంతు రాలేదు. వినకముందే జవాబిచ్చేవాడికి అది మూర్ఖత, సిగ్గు అని సామెతల గ్రంథం ఊరికే అనలేదు (18:13).

అడిగే ప్రశ్నకు జవాబు మీకు ముందే తెలిసి ఉండకూడదు. "చనిపోయాక ఎక్కడికి వెళ్తారో మీకు తెలుసా?" లాంటివి నిజానికి ప్రశ్నలు కావు, ఉచ్చులు. ఎదుటివాళ్లకు ఆ సంగతి తెలుసు. "కష్టం వచ్చినప్పుడు మీకు ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది?", "చిన్నప్పుడు దేవుడి గురించి మీకు ఎవరు చెప్పారు?", "ఇప్పుడు ఏమనుకుంటున్నారు?" లాంటివి అడగండి. వాళ్ల జవాబు మీకు ఏదైనా నేర్పుతుందని నిజంగా ఎదురుచూస్తూ అడగండి.

4. తలుపు తెరుచుకున్నప్పుడు

"మీరు ఇంత నిమ్మళంగా ఎలా ఉంటున్నారండీ?" అని ఎవరో అడుగుతారు. లేదా "మీరు ఆదివారం ఎక్కడికి వెళ్తారు?" అని ఉబుసుపోక అడుగుతారు. రెండూ ఒకటి కావు. రెండోదానికి ఒక్క వాక్యం చాలు: "చర్చికి వెళ్తామండి, అక్కడ కాసేపు ఉంటే ఆ వారానికి సరిపడా బలం వస్తుంది." ఆపేయండి. ఇంకా కావాలనుకుంటే వాళ్లే అడుగుతారు.

మొదటి ప్రశ్న వచ్చినప్పుడు కూడా ముందు అనుమతి అడగండి. "నా విషయంలో అది నా విశ్వాసంతో ముడిపడి ఉందండి. చెప్పమంటే చెబుతాను, ఇప్పుడు టైమ్ లేకపోతే మరోసారి." ఈ మాటతో వాళ్లకు తప్పుకునే దారి దొరుకుతుంది. తప్పుకునే దారి ఉందని తెలిసిన మనిషే కుదురుగా కూర్చుని వింటాడు. సరే అన్నాక మీరు రాసుకున్న ఆ మూడు నిమిషాల కథ చెప్పండి. చెప్పి ఆగండి. ఆగిన తర్వాత వచ్చే నిశ్శబ్దం భారంగా ఉంటుంది, దాన్ని వచనాలతో నింపాలనిపిస్తుంది. నింపకండి. వాళ్లు "ఓహో, అలాగా" అని వేరే మాటలోకి వెళితే మీరూ వెళ్లండి, ముఖం మాడ్చుకోకుండా. "మరి ఇప్పుడు మీ నిర్ణయం ఏమిటి?" అని మాత్రం అడగకండి.

అపొస్తలుల కార్యములు 8లో ఫిలిప్పు ఇథియోపియా అధికారి రథం దగ్గరకు పరుగెత్తాడు, నిజమే. కానీ రథం ఎక్కింది అతను రమ్మన్నాకే. మొదలుపెట్టింది కూడా అతను అప్పటికే చదువుతున్న యెషయా గ్రంథం దగ్గర, అతను అడిగిన ప్రశ్న దగ్గర. తన సంచిలోని ప్రసంగం తీసి చదవలేదు.

5. వాదన మొదలైతే

వాదన వచ్చేముందు కొన్ని గుర్తులు కనబడతాయి. గొంతు పెరుగుతుంది. ఒకరి మాట పూర్తికాకముందే ఇంకొకరు అందుకుంటారు. ఎవరో ఒకరు ఫోన్ తీసి రుజువులు వెతకడం మొదలుపెడతారు. పక్కన నలుగురు చేరి చూస్తుంటారు. వీటిలో రెండు కనబడితే చాలు, మాట దిశ మార్చండి. జనం ముందు ఓడిపోవడానికి ఎవరూ ఇష్టపడరు, అక్కడ మీరు గెలిచినా ఆ మనిషి మళ్లీ మీ దగ్గర మనసు విప్పడు. ప్రభువు దాసుడు జగడమాడకూడదని తిమోతికి పౌలు రాసిన మాటను (2 తిమోతికి 2:24) నోట్లో వేసుకుని కూర్చోవలసిన సమయం అదే.

బయటపడటానికి రెండు మూడు మాటలు సిద్ధంగా ఉంచుకోండి. "మీరన్నది ఆలోచించాల్సిన మాట అన్నా, ఇప్పటికిప్పుడు నా దగ్గర జవాబు లేదు." "దీని గురించి మనిద్దరం తీరిగ్గా కూర్చుని మాట్లాడుకుందాం, ఇలా పదిమందిలో వద్దు." "నా గొంతు పెరిగింది, ఏమనుకోకు." మూడోది చెప్పడం కష్టం, పనిచేసేది కూడా అదే.

ఎదుటివాళ్ల దేవుళ్లను, గురువులను, పవిత్రమని వాళ్లు భావించేదాన్ని ఎప్పుడూ తక్కువ చేసి మాట్లాడకండి, ఎగతాళి అసలే వద్దు. ఎఫెసులో పౌలు రెండేళ్లకు పైగా బోధించాడు. అర్తెమి దేవి వెండి గుళ్ల బొమ్మల వ్యాపారం చేసేవాళ్లు ఊరిని అతని మీదికి రేపారు. అప్పుడు ఆ పట్టణపు అధికారి, అతను క్రైస్తవుడు కాడు, జనంతో ఏమన్నాడో చూడండి: వీళ్లు గుడి దోచినవాళ్లు కారు, మన దేవతను దూషించనూ లేదు (అపొస్తలుల కార్యములు 19:37). అన్నాళ్లు అక్కడ ఉండి, చేతితో చేసినవి దేవుళ్లు కావని సూటిగా బోధిస్తూ కూడా, పరాయివాళ్ల చేత "మన దేవతను తిట్టలేదు" అని సాక్ష్యం చెప్పించుకున్నారు. ఏథెన్సులోనూ అంతే. ఊరినిండా విగ్రహాలు చూసి లోపల కలత చెందాడు, కానీ నోరు తెరిచాక వాళ్ల భక్తిని ప్రస్తావించి, వాళ్ల కవుల మాటను ఎత్తుకుని మాట్లాడాడు. విన్నవాళ్లలో కొందరు నవ్వారు, కొందరు దీని గురించి మళ్లీ వింటామన్నారు, దియొనూసి, దమరి లాంటి కొద్దిమంది నమ్మారు. పౌలంతటివాడికే అలా ఉంటే మనకు అందరూ తలూపాలని ఆశపడటమెందుకు?

కొన్ని ప్రశ్నలు మాత్రం వాదన కోసం రావు, గాయం నుంచి వస్తాయి. దేవుడుంటే నా బిడ్డకు ఇలా ఎందుకు జరిగింది? ఈ ప్రశ్నకు తర్కంతో జవాబు చెప్పబోతే మనిషిని కొట్టినట్టే ఉంటుంది. "నాకు తెలియదు" అనడమే నిజాయతీ. చర్చిలో ఎవరో మోసం చేశారు, పాస్టర్ అవమానించాడు అని చెబితే సంఘాన్ని వెనకేసుకురావద్దు. "అందరూ అలా ఉండరండీ" అనేది మనకు అలవాటైన మాట, కానీ బాధలో ఉన్నవాళ్లకు అది "నీది చిన్న విషయం" అన్నట్టు వినబడుతుంది. అది తప్పే, మీకు అలా జరగకూడదు అనండి. డబ్బు విషయమో, వేధింపో అయితే ఫిర్యాదు చేయడానికి తోడు వెళ్లండి. ఆ ఒక్క పని మీ మాటలన్నిటికంటే బలంగా సాక్ష్యం చెబుతుంది.

నిజంగా తెలుసుకోవాలని అడిగే ప్రశ్నలు వేరు: సువార్తలు నలుగురు ఎందుకు రాశారు, త్రిత్వం అంటే ఏమిటి, పునరుత్థానాన్ని ఎందుకు నమ్మాలి. ఇలాంటివాటికి చదివి వచ్చి చెప్పండి. "వచ్చే వారం చెబుతాను" అంటే తప్పకుండా చెప్పండి.

6. ఏ సమయాల్లో నోరు విప్పకూడదు

పిల్లలనూ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ముగ్గురూ మొదట చేసిన పని గొప్పది. ఏడు రాత్రింబగళ్లు అతనితో నేల మీద కూర్చున్నారు, ఒక్క మాట మాట్లాడలేదు (యోబు 2:13). మాట్లాడటం మొదలుపెట్టాకే అంతా పాడైంది. చావు ఇంట్లో, ఆసుపత్రి మంచం పక్కన, విడాకుల మధ్య ఉన్నవాళ్ల దగ్గర ఆ మొదటి ఏడు రోజులనే పాటించండి. సామాన్లు మోయండి, పిల్లలను చూసుకోండి, రాత్రి కాపలా ఉండండి.

ప్రార్థన చేయాలనిపిస్తే, "నేను మీ కోసం ప్రార్థన చేసుకుంటాను. ఇక్కడే చేయమంటారా, ఇంటికి వెళ్లి చేసుకోనా?" అని అడగండి. ఇంటి దగ్గర చేసుకోండి అంటే సరే అని కదలండి. ఇక్కడే అంటే నాలుగు వాక్యాలు, గొంతు పెంచకుండా. ప్రార్థనలో ప్రసంగం కలపకండి: "ప్రభువా, ఈ సహోదరుడు నిన్ను ఎరగక..." అని కళ్లు మూసుకుని ఎదుటివాడికి వినిపించే మాటలు దేవుడికి చెప్పేవి కావు. తగ్గిపోతుందని మాట ఇవ్వకండి. మందులు మానమని పొరపాటున కూడా అనకండి.

మీ చేతిలో అధికారం ఉన్నచోట ఇంకా జాగ్రత్త. మీరు బాస్ అయితే కింద పనిచేసేవాళ్లు, టీచర్ అయితే విద్యార్థులు, అప్పిచ్చినవాళ్లయితే తీసుకున్నవాళ్లు మీ మాటకు "కాదు" అనలేరు. కాదు అనలేని మనిషి చెప్పే "అవును"కు అర్థం లేదు. అలాంటిచోట వాళ్లే అడిగినా క్లుప్తంగా చెప్పి, మిగతాది మీ అధికారం కింద లేని మరొకరితో మాట్లాడమనండి. పిల్లలతో అయితే తల్లిదండ్రులకు తెలియకుండా అసలు వద్దు. సాయం చేసేటప్పుడు చేతిలో సరుకులు, ఇంకో చేతిలో కరపత్రం పెట్టుకుని వెళ్లకండి. సాయానికి ఏ షరతూ లేదని వాళ్లకు తెలియాలి, తెలిసేలా చెప్పాలి కూడా.

ఇదేదో నా ఒక్కడి చాదస్తం కాదు. వరల్డ్ కౌన్సిల్ ఆఫ్ చర్చెస్, వాటికన్‌లో మతాంతర సంభాషణ చూసే విభాగం, వరల్డ్ ఎవాంజెలికల్ అలయన్స్ మూడూ కలిసి 2011లో సాక్ష్యం ఎలా ఇవ్వాలో ఒక పత్రం విడుదల చేశాయి. మామూలుగా చాలా విషయాల్లో ఒకరితో ఒకరికి పొసగని వర్గాలు ఇవి. మోసం, బలవంతం కూడదని, పేదరికాన్ని, అవసరాన్ని అడ్డుపెట్టుకుని ప్రలోభపెట్టకూడదని అందులో అందరూ ఒప్పుకున్నారు. విశ్వాసం మార్చుకోవడం పెద్ద నిర్ణయం కాబట్టి, ఆలోచించుకోవడానికి తగినంత సమయం, పూర్తి స్వేచ్ఛ ఉండాలని కూడా రాశారు. దీనికి తోడు, మీరున్న చోట మత ప్రచారం, మతమార్పిడి మీద ఏ చట్టాలున్నాయో తెలుసుకుని ఉండండి.

7. ఇంట్లోవాళ్ల దగ్గర

బయటివాళ్లకు మీ మాట తెలుసు, ఇంట్లోవాళ్లకు మీ కోపం, బద్ధకం, పట్టుదల అన్నీ తెలుసు. అందుకే ఇక్కడ మాట అంత తేలిగ్గా చెల్లదు. కొత్తగా నమ్మినవాళ్లు మొదటి నెలల్లో తల్లిదండ్రుల మీద, భార్య మీద, భర్త మీద చేసే దాడి చూస్తే జాలేస్తుంది. ప్రేమతోనే చేస్తారు, కానీ అవతలివాళ్లకు వినబడేది "మీరు నన్ను పెంచిన తీరంతా తప్పు" అనే. నమ్మని భర్తలున్న స్త్రీలకు పేతురు చెప్పింది, వాక్యం లేకుండానే మీ నడవడి చూసి వాళ్లు రాబట్టబడవచ్చు అని (1 పేతురు 3:1). భర్తలకూ, పిల్లలకూ అదే వర్తిస్తుంది. ఒకసారి, తీరిక ఉన్న రోజున, మీకు ఏం జరిగిందో ప్రశాంతంగా చెప్పండి. తర్వాత ఇంటి పనుల్లో, డబ్బు విషయంలో, ముసలివాళ్ల సేవలో మునుపటికంటే మెరుగ్గా ఉండండి. మీ మనస్సాక్షి ఒప్పుకోనిది ఏదైనా ఉంటే, "అది నేను చేయలేను నాన్నా, మిగతావన్నీ చేస్తాను" అని వినయంగా చెప్పండి, ఆ మిగతావి నిజంగా చేయండి.

తర్వాతి రోజుల్లో పేరున్న క్రైస్తవ బోధకుడైన అగస్టీను తల్లి మోనికా కథ ఈ సందర్భంలో గుర్తుంచుకోదగ్గది. కొడుకు మనికేయ అనే వేరే మతబోధలో చేరినప్పుడు మొదట అతన్ని ఇంట్లో ఉండనివ్వలేదు, తర్వాత మనసు మార్చుకుని రానిచ్చింది. కొడుకుతో వాదించి దారికి తెమ్మని ఒక బిషప్పును బతిమాలింది. ఆయన ఒప్పుకోలేదు. తను కూడా చిన్నప్పుడు అదే బోధలో పెరిగానని, చదివి చదివి తనంతట తానే బయటపడ్డానని చెప్పి, అతన్ని వదిలేయి, అతని కోసం దేవుణ్ణి మాత్రం అడుగు అన్నాడు. అగస్టీను బాప్తిస్మం తీసుకున్నది 387లో, మిలాన్‌లో, ముప్పై ఏళ్లు దాటాక. చదువుకున్న కొడుకుతో వాదించి నెగ్గాలని చూసే తల్లిదండ్రులకు ఆ బిషప్పు సలహా ఇప్పటికీ పనికొస్తుంది.

8. ఫోన్ విషయం

అడగనివాళ్లకు రోజూ పొద్దున్నే వచనం పంపకండి. నలభై మందికి ఒకేసారి పంపింది ఎవరికీ పంపినట్టు కాదు. ఫలానా మనిషి ఫలానా మాట అన్నాడు, దానికి ఈ కీర్తన దగ్గరగా ఉంది అనిపిస్తే, "నిన్న మీరన్న మాటకు ఇది గుర్తొచ్చింది" అని రాసి ఒక్కరికే పంపండి. అద్భుతాల వీడియోలు, ఇతర మతాలను ఎండగట్టే ఫార్వర్డ్‌లు నిజమో కాదో తేల్చుకోవడం తర్వాత సంగతి, ముందు పంపడం మానేయండి. కామెంట్లలో వాదన ఎప్పుడూ వద్దు.

9. వద్దంటే, కావాలంటే

"నాకు ఇవన్నీ ఇష్టం లేదు, ఇంకెప్పుడూ ఎత్తొద్దు" అంటే, "సరే అండి, చెప్పినందుకు థాంక్స్" అనండి. మళ్లీ ఎత్తకండి. ఆ తర్వాతి వారం అంతకుముందులాగే పలకరించండి. మార్కు 10లో, ఉన్నదంతా అమ్మి పేదలకిచ్చి నన్ను వెంబడించు అని యేసు అంటే, ధనవంతుడైన ఒక మనిషి ముఖం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయాడు. యేసు అతన్ని ప్రేమించాడని అక్కడే రాసి ఉంది. అయినా వెంటపడి షరతు తగ్గించలేదు, తిట్టనూ లేదు, వెళ్లనిచ్చాడు. నీకొదేము అనే యూదుల అధికారి అయితే రాత్రిపూట యేసు దగ్గరికి వచ్చి ప్రశ్నలడిగి వెళ్లాడు. తర్వాత సభలో న్యాయంగా ఒక మాట అన్నాడు. సిలువ తర్వాత సుగంధ ద్రవ్యాలు పట్టుకుని వచ్చాడు. యోహాను సువార్తలో అతను కనబడేది ఈ మూడు చోట్లే. మధ్యలో అతని లోపల ఏం జరిగిందో ఎవరూ రాయలేదు, ఎవరూ అతన్ని తొందరపెట్టినట్టూ లేదు.

"ఇంకా తెలుసుకోవాలని ఉంది" అంటే మార్కు సువార్త ఇవ్వండి. నాలుగింటిలో చిన్నది, పదహారు అధ్యాయాలు, కూర్చుంటే గంటన్నర, రెండు గంటల్లో చదివేయొచ్చు. ప్రకటన గ్రంథంతో మాత్రం మొదలుపెట్టించకండి. కలిసి చదువుదామంటే వారానికి ఒక అధ్యాయం చాలు. చదివాక, "ఇందులో మీకు నచ్చిందేమిటి? అర్థం కానిదీ, ఒప్పుకోలేనిదీ ఏమైనా ఉందా?" అని అడగండి. ఒప్పుకోలేనిది చెప్పినప్పుడు సరిదిద్దడానికి ఎగబడకండి. రాసి పెట్టుకుని ముందుకు వెళ్లండి, చాలాసార్లు రెండు మూడు అధ్యాయాల తర్వాత వాళ్లే దానికి తిరిగి వస్తారు. అనుకున్న సమయానికి ముగించండి. పుస్తకం పూర్తయ్యాక కొనసాగించాలో వద్దో వాళ్లనే అడగండి. బాప్తిస్మం మాట వాళ్లు ఎత్తినా తొందరపెట్టకండి. ఇంట్లోవాళ్లకు ఎలా చెబుతారో, ఏం ఎదురుకావచ్చో ఆలోచించుకున్నారా అని అడగండి, ఆలోచించుకోవడానికి వ్యవధి ఇవ్వండి.

యేసు ఊరైన నజరేతులో నుంచి మంచిదేదైనా వస్తుందా అని నతనయేలు వెటకారంగా అడిగితే, యేసు శిష్యుడు ఫిలిప్పు (రథం దగ్గరి ఫిలిప్పు కాదు, వేరే మనిషి) నజరేతును సమర్థిస్తూ ఉపన్యాసం ఇవ్వలేదు, "వచ్చి చూడుము" అన్నాడు. మీరూ చర్చికి రమ్మని పిలవొచ్చు. అయితే పిలిచేముందు అక్కడ ఏం జరుగుతుందో పూర్తిగా చెప్పండి: ఎంతసేపు ఉంటుంది, పాటలప్పుడు లేచి నిలబడతారు కానీ మీరు కూర్చోవచ్చు, కానుక పళ్లెం వస్తే పక్కకు అందించేస్తే చాలు, ప్రభు బల్ల ఉంటే మీరు పాల్గొననక్కర్లేదు. గుమ్మం దగ్గర మీరే కలుసుకోండి, పక్కన కూర్చోండి, ముందు వరసల్లో వద్దు. పాస్టర్‌గారితో ముందురోజే మాట్లాడి, కొత్తవాళ్లను లేపి నిలబెట్టి పేరు చెప్పించవద్దని, ముందుకు రమ్మని పిలవొద్దని కోరండి. అది వీలుకాదంటే, ఆ వారం కాకుండా మరో వారం పిలవడం మేలు. ఆరాధన అయ్యాక నలుగురూ చుట్టుముట్టి ఫోన్ నంబర్ అడగకుండా మీరే మెల్లగా బయటికి తీసుకురండి. ఒకటి రెండు రోజులాగి "ఎలా అనిపించింది?" అని ఒకసారి అడగండి. బాగుందంటే ఏది బాగుందో వినండి. మళ్లీ రావాలని లేదంటే, "చెప్పడం మంచిదైంది" అని వేరే కబుర్లలోకి వెళ్లండి.